నాలుగు రోజులుంటే హనోయ్ ఒక్కటే చాలు

(పాఠకుల ప్రశ్నలు – యాత్రా శీర్షిక)

వియత్నాం ప్రయాణం గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరినప్పుడు, ఉత్తరాల్లో ఎక్కువ భాగం నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు నుంచే వచ్చాయి. ఆ దేశం పేరు ఇళ్లలో వింటూ పెరిగిన తరం మన దగ్గర ఒకటున్నదని ఆ ఉత్తరాలు చదువుతుంటే గుర్తుకొచ్చింది. వాటిలో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా నాయన 1946–51 నాటి సాయుధ పోరాటంలో దళంతో తిరిగిన మనిషి. మా ఇంటి నడిమి అర్రలో గోడకు వియత్నాం విప్లవ నాయకుడు హోచిమిన్ బొమ్మ ఉండేది. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన తరువాత ఆ దేశాన్ని ఒక్కసారి చూడాలన్న కోరిక బలపడింది. ఒక ట్రావెల్ ఏజెన్సీ వారు హనోయ్, హాలాంగ్ బే, డానాంగ్, హోచిమిన్ సిటీ అన్నీ ఐదు రోజుల్లో చూపిస్తామంటున్నారు. డబ్బు కట్టవచ్చునా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, నకిరేకల్

జవాబు: సారూ, కట్టవద్దు. రాజధాని హనోయ్ నుంచి దక్షిణాన ఉన్న హోచిమిన్ సిటీకి రైలు మార్గం 1,726 కిలోమీటర్లు. విమానంలో వెళ్లినా హోటల్ ఖాళీ చేయడం, విమానాశ్రయంలో కూర్చోవడం, మళ్లీ కొత్త హోటల్‌లో దిగడం కలిపి ప్రతిసారీ ఒక పూట పోతుంది. ఐదు రోజుల్లో నాలుగు చోట్లు అంటే మీరు చూసేది బస్సు కిటికీలోంచే. మీ నాయన గోడకు తగిలించుకున్న బొమ్మలోని మనిషి బతికిన ఊరు, స్వాతంత్ర్యం ప్రకటించిన ఊరు, కన్నుమూసిన ఊరు హనోయ్. మీ దగ్గర ఉన్న రోజులన్నీ ఆ ఒక్క ఊరికే ఇవ్వండి. హాలాంగ్ బే అందమైనదే, కానీ రానూపోనూ ఐదారు గంటలు దారిలోనే గడుస్తాయి కాబట్టి ఈసారికి దానిని కూడా పక్కన పెట్టమనే నా సలహా.

వారం చూసుకుని బయలుదేరడం ముఖ్యం. హోచిమిన్ సమాధి మందిరాన్ని సోమ, శుక్రవారాల్లో మూసి ఉంచుతారు. మిగతా రోజుల్లోనూ ఉదయం పూటే చూడనిస్తారు. ఏటా కొన్ని వారాల పాటు భౌతికకాయ సంరక్షణ పనుల కోసం పూర్తిగా మూసివేస్తారు. ఆ తేదీలను ముందే ప్రకటిస్తారు గనుక టికెట్ కొనక ముందే చూసుకోండి. మంగళవారం సాయంత్రానికి హనోయ్ చేరి, బుధవారం పొద్దున్నే ఆ మందిరానికి వెళ్లేలా పెట్టుకుంటే అన్నీ సరిపోతాయి. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి. లోపల ఫొటోలు తీయరాదు, మాట్లాడరాదు, ఆగరాదు, వరుస నడుస్తూనే ఉంటుంది. తన శరీరాన్ని దహనం చేయమని ఆయన తన వీలునామాలో కోరారు. ఆ సంగతి తెలిసి లోపలికి అడుగుపెట్టిన వారికి ఆ చల్లని గదిలో గొంతు బరువెక్కుతుంది.

అక్కడి నుంచి తోటలో నడుస్తూ వెళితే చెరువు ఒడ్డున కొయ్య స్తంభాల మీద నిలబెట్టిన ఇల్లు వస్తుంది. పక్కనే ఫ్రెంచి గవర్నర్ జనరల్ కోసం కట్టిన భవంతి ఉండగా, అందులో ఉండడానికి ఇష్టపడక 1958 నుంచి ఆయన ఈ ఇంటిలోనే ఉన్నారు. పైన రెండే చిన్న గదులు. ఒక దాంట్లో మంచం, మరొక దాంట్లో బల్ల, కొన్ని పుస్తకాలు. కింద గోడలు లేని నీడలో పొడవాటి బల్ల చుట్టూ కుర్చీలు వేసి ఉంటాయి. సమావేశాలు అక్కడే జరిగేవి. మన పల్లెల్లో పంచాయతీకి పెద్దమనుషులు కూర్చునే అరుగు ఎంత సాదాగా ఉంటుందో అంత సాదాగా ఉంటుంది ఆ చోటు. మందిరంలో కంటే ఇక్కడ ఎక్కువసేపు ఉండండి.

మందిరం ముందున్న మైదానం పేరు బాదిన్ చౌక్. 1945 సెప్టెంబర్ 2న అక్కడే ఆయన స్వాతంత్ర్య ప్రకటన చదివారు. ఆ ప్రకటన 1776 నాటి అమెరికా ప్రకటనలోని మాటలతోనే మొదలవుతుంది. దానిని రాసిన ఇల్లు పాత బస్తీలో హాంగ్ ఙాంగ్ వీధిలో 48వ నంబరు. పట్టు వ్యాపారి చిన్ వాన్ బో తన ఇంటి మేడ మీద ఆయనకు చోటిచ్చారు. కింద బేరసారాలు సాగుతుంటే పైన ఒక దేశపు పుట్టుక పత్రం తయారైంది. మధ్యాహ్నం భోజనం తరువాత అక్కడికి వెళ్లండి. పర్యాటకుల గుంపులు అటువైపు తక్కువ.

గురువారాన్ని పాత చరిత్రకు కేటాయించండి. 1010లో లీ థాయ్ తో అనే రాజు రాజధానిని హోవా లూ నుంచి ఇక్కడికి మార్చి, ‘పైకెగిరే డ్రాగన్’ అనే అర్థం వచ్చేలా థాంగ్ లాంగ్ అని పేరు పెట్టాడు. హనోయ్ అన్న పేరు 1831లో వచ్చింది. నది లోపలి భాగం అని దాని అర్థం. అప్పటి రాజకోట శిథిలాలు చూడదగ్గవే గానీ, సగం జీవితం బడిలో గడిపిన మీరు చూసి తీరవలసినది వాన్ మియెవ్ అనే సాహిత్య ఆలయం. 1070లో చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ పేరిట దీనిని కట్టారు. 1076లో ఇందులోనే రాజవిద్యాలయం పెట్టారు. ఐదు ప్రాంగణాలు ఒకదాని వెనుక ఒకటిగా వస్తాయి. మూడవ ప్రాంగణంలో కొలనుకు రెండు వైపులా 82 రాతి తాబేళ్లు బారులు తీరి ఉంటాయి. ఒక్కొక్క తాబేలు వీపు మీద ఒక్కొక్క శిలాఫలకం. 1442 నుంచి 1779 వరకు జరిగిన రాజపరీక్షల్లో నెగ్గిన వారి పేర్లు, ఊర్లు వాటి మీద చెక్కారు. పరీక్షలకు వెళ్లే పిల్లలు శకునం కోసం తరతరాలుగా తడమడం వల్ల ఆ తాబేళ్ల తలలు నున్నగా అరిగి మెరుస్తున్నాయి. ఇప్పుడు అడ్డంగా కంచె వేశారు. మొదటి ర్యాంకు వచ్చిన పిల్లవాడి పేరు బడి గోడ మీద రంగుతో రాయించిన మీకు, ఊరి పేరుతో సహా రాతిలో పేరు చెక్కించడంలోని గౌరవం వేరే చెప్పనక్కర లేదు.

శుక్రవారం హోవా లో జైలు. 1896లో ఫ్రెంచివారు రాజకీయ ఖైదీల కోసం కట్టారు. తరువాత అమెరికాతో యుద్ధం జరిగినప్పుడు పట్టుబడిన అమెరికా పైలట్లను ఇక్కడే బంధించారు. 1990లలో ఎక్కువ భాగాన్ని కూల్చగా మిగిలిన దానిని మ్యూజియం చేశారు. కాళ్లను వరుసగా బొండలో బిగించి కూర్చోబెట్టిన ఖైదీల బొమ్మల ముందు నిలబడితే, నిజాం కాలం జైళ్ల గురించి మీ నాయన చెప్పిన మాటలు మీకు తప్పక గుర్తుకొస్తాయి. ఆ రోజే 1902లో పూర్తయిన లాంగ్ బియెన్ వంతెన మీద కాలినడకన కొంత దూరం వెళ్లండి. అమెరికా బాంబులకు ఎన్నోసార్లు విరిగి, అతుకులు వేసుకుని ఇప్పటికీ రైళ్లను మోస్తున్న వంతెన అది.

శనివారం పొద్దున, ఎవరూ మిమ్మల్ని తీసుకుపోని ఒక చోటికి వెళ్లమని కోరుతున్నాను. బాదిన్ ప్రాంతంలోనే సందుల మధ్య హూ తియెప్ అనే చిన్న కుంట ఉంది. 1972 డిసెంబర్ 18 నుంచి 29 వరకు అమెరికా హనోయ్ మీద బాంబులు కురిపించినప్పుడు కూలిన ఒక బి-52 విమానపు తునకలు నేటికీ ఆ నీళ్లలో అలాగే ఉన్నాయి. చుట్టూ ఇళ్లు, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, ఒడ్డున టీ తాగుతున్న ముసలివాళ్లు, నడుమ నాచు పట్టిన ఇనుము. ఆ దాడుల్లోనే డిసెంబర్ 26 రాత్రి ఖాం థియెన్ వీధి నేలమట్టమైంది. అక్కడ బిడ్డను చేతుల్లో పట్టుకున్న తల్లి విగ్రహం నిలిపారు.

మీకు నచ్చే మరొక మాట. 1954 అక్టోబర్ 10న హనోయ్ ఫ్రెంచివారి నుంచి విముక్తమైన వారం రోజులకే నెహ్రూ ఆ నగరానికి వెళ్లారు. ఫ్రెంచివారితో యుద్ధాన్ని ముగించిన జెనీవా ఒప్పందం అమలును చూసేందుకు ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్ష స్థానం మన దేశానిదే. ‘ఆన్ దో’ అంటే వాళ్ల భాషలో భారతదేశం. ఆ మాట చెప్పి చూడండి, వయసు మళ్లినవాళ్ల ముఖాలు వికసిస్తాయి.

ప్రశ్న: మా అత్తమ్మ, మామయ్య పూర్తి శాకాహారులు, గుడ్డు కూడా ముట్టరు. అక్కడ అన్నింట్లోనూ చేపల నీళ్లు పోస్తారని విన్నాము. పులిహోర పొట్లాలతో నాలుగు రోజులు గడపవలసిందేనా? – ఒక గృహిణి, వనపర్తి

జవాబు: అవసరం లేదమ్మా, కానీ మీ భయంలో నిజముంది. నూక్ మామ్ అనే చేపల రసం వాళ్లకు మన ఉప్పు వంటిది. కూరగాయల వేపుడులో కూడా పడుతుంది. అందుకని ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. నేర్చుకోవలసిన మాట ‘చై’. బౌద్ధ శాకాహారాన్ని అలా అంటారు. ‘తోయ్ అన్ చై’ అంటే ‘నేను శాకాహారిని’ అని. బోర్డు మీద ఆ మాట ఉన్న హోటళ్లు హనోయ్‌లో పేట పేటకూ ఉన్నాయి. వాటిల్లో చేపల రసం వేయరు. ఇంకొక సంగతి, చాంద్రమాన నెలలో మొదటి రోజున, పదిహేనవ రోజున, అంటే మన లెక్కలో దాదాపు అమావాస్య, పున్నమి రోజుల్లో, అక్కడ ఎంతోమంది మాంసం మానేస్తారు. మన ఇళ్లలో శనివారం పాటించినట్టు. మీ ప్రయాణంలో పున్నమి పడేలా చూసుకుంటే ఆ రోజు మీ అత్తమ్మ గారికి ఊరంతా తనదే అనిపిస్తుంది.

హనోయ్ వంటకాల్లో పేరు మోసినది ఫో. బియ్యపు సేమ్యా వంటి వెడల్పాటి పట్టీల మీద వేడివేడి చారు పోసిస్తారు. అసలు ఫోలో చారు గొడ్డు మాంసపు ఎముకలతోనో, కోడితోనో గంటల తరబడి కాస్తారు. అందులోనూ దాల్చిన చెక్క, అనాస పువ్వు, కాల్చిన అల్లం పడతాయి కాబట్టి వాసన మనకు కొత్త కాదు. చై హోటళ్లలో పుట్టగొడుగులు, ముల్లంగి వంటి వాటితో కాచిన ‘ఫో చై’ దొరుకుతుంది, అది తినిపించండి. పక్కన ఆకుల పళ్లెం పెడతారు. పుదీన, కొత్తిమీర, మనం ఎరుగని మరో రెండు మూడు ఆకులు. వాటిని తుంచి వేసుకునేది తినేవాళ్లే.

పొద్దున్నే పాత బస్తీ వీధి చివర బాన్ కువోన్ చేసే ఆమె ముందు కాసేపు నిలబడండి. కుండకు వాసెన కట్టినట్టు మరిగే నీళ్ల మీద గుడ్డ బిగించి, దాని మీద పలుచని బియ్యపు పిండిని గరిటె అడుగుతో గుండ్రంగా రాసి మూత పెడుతుంది. అర నిమిషంలో మూత తీసి, పొడవాటి వెదురు బద్దను అడుగుకు జొనిపి, తడి బట్టలా జారిపోయే ఆ పొరను చిరగకుండా ఎత్తి పళ్లెంలో పరుస్తుంది. మామూలుగా లోపల పంది మాంసం పెట్టి చుడతారు కాబట్టి మీవాళ్లకు పూర్ణం లేకుండా అడగాలి, పైన నూక్ మామ్ వద్దని సైగ చేయాలి. ఇంట్లో కుడుములు, ఉండ్రాళ్లు చేసే చేతులున్న వారెవరైనా ఆ పని చూసి మురిసిపోతారు. ‘సోయ్ సేయో’ మన పులగానికి అక్క చెల్లెలు. జిగురు బియ్యం, పెసరపప్పు ముద్ద, పసుపు, పైన వేయించిన ఉల్లిపాయ. అయితే దాని మీద చాలామంది కోడి కొవ్వు చిలకరిస్తారు. వద్దని ముందే చెప్పాలి.

శరత్కాలంలో వెళితే ‘కోమ్’ తప్పకుండా తినండి. పాలు పోసుకున్న లేత వరి కంకులను వేయించి, దంచి, చెరిగి, తామరాకులో చుట్టి అమ్ముతారు. మన దగ్గర జొన్న చేలలో కాల్చుకుని తినే ఊచబియ్యం రుచి తెలిసినవారికి మొదటి పిడికెడుతోనే ఇంటి చేను కళ్ల ముందుకు వస్తుంది. కాఫీ విషయంలో ఒక్క జాగ్రత్త ఉంది. హనోయ్ ప్రత్యేకమని అందరూ చెప్పే ‘కా ఫే చుంగ్’ గుడ్డు సొన గిలక్కొట్టి చేసేది. పాలు దొరకని 1946లో ఒక హోటల్ పనివాడు కనిపెట్టిన ఉపాయం అది. మీ అత్తమ్మ గారికి కొబ్బరిపాల కాఫీ ఇప్పించండి.

ప్రశ్న: నేను గద్వాల చీరలు నేసే కుటుంబంలో పుట్టిన అమ్మాయిని. హనోయ్‌లో నేత పని చూడగలిగే చోటు ఉందా? – డిగ్రీ విద్యార్థిని, గద్వాల

జవాబు: ఉంది చెల్లెమ్మా. నగరానికి నైరుతి దిక్కున సుమారు 10 కిలోమీటర్ల దూరంలో వాన్ ఫుక్ అనే పట్టు నేతగాళ్ల ఊరుంది. కాత్ లిన్ నుంచి హా దోంగ్ వెళ్లే మెట్రో ఎక్కితే దగ్గర్లో దిగవచ్చు. ఇప్పుడు అక్కడివి ఎక్కువగా మరమగ్గాలే. దుకాణాల్లో బయటి నుంచి తెచ్చిన గుడ్డ కూడా అమ్ముతారు. పోగు పట్టుకుంటేనే తెలిసే నీకు ఆ మాట నేను చెప్పనక్కర లేదు. ఇంత దూరం వెళ్లి నువ్వు నిజంగా చూడవలసినది వియత్నాం జాతుల మ్యూజియం. ఆ దేశంలోని 54 జాతుల బట్టలు, పనిముట్లు, ఇళ్లు అక్కడ ఉన్నాయి. కొండల్లో ఉండే హ్మోంగ్ స్త్రీలు గంజాయి జాతి మొక్క (హెంప్) నారతో నేసిన గుడ్డ మీద కరిగించిన తేనెమైనంతో గీతలు గీసి, నీలిమందులో ముంచి తీస్తారు. మైనం పడిన చోట రంగు పట్టదు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడం వేసి కలిపే ఇంటి పిల్లవు నువ్వు. ఆ గీతల లెక్క ఎంత కఠినమైనదో అద్దం అవతల నుంచి చూసినా నీకు అర్థమవుతుంది. ఆరుబయట ఎడే జాతి వారి 42 మీటర్ల పొడవైన ఉమ్మడి ఇల్లు కూడా ఉంది. సోమవారం సెలవు.

ప్రశ్న: మాది నాగార్జునసాగర్ దగ్గర. వియత్నాంలో శివాలయాలు, అమరావతి శైలి బుద్ధుడు ఉన్నాయని చదివాను. నాలుగు రోజుల హనోయ్ ప్రయాణంలో వాటిని చూడగలమా? – ఒక పాఠకుడు, హాలియా

జవాబు: చూడలేరు. మీసోన్ శివాలయాలు దేశం నడుమ డానాంగ్ వైపు ఉన్నాయి. 4 నుంచి 13వ శతాబ్దం వరకు, ఆ నడిమి ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టిన ఇటుక గుడులవి. మన పురావస్తు శాఖవారు వాటి పునరుద్ధరణలో పాల్గొని, 2020లో అక్కడ 9వ శతాబ్దపు ఇసుకరాతి శివలింగాన్ని వెలికితీశారు. మీరు చదివిన కంచు బుద్ధుడు 1911లో దోంగ్ జువోంగ్ అనే చోట దొరికాడు. కళాచరిత్రకారులు చాలాకాలంగా అమరావతి శైలితో పోలుస్తూ వచ్చిన ఆ విగ్రహం హోచిమిన్ సిటీ మ్యూజియంలో ఉంది. వాటి కోసం మరొకసారి, డానాంగ్ కేంద్రంగా, వేరుగా ప్రయాణం పెట్టుకోండి.

అయినా హనోయ్‌లో మీకు చుట్టరికం లేకపోలేదు. జాతీయ చరిత్ర మ్యూజియంలో చంపా శిల్పాలు కొన్ని ఉన్నాయి. వెస్ట్ లేక్ అనే పెద్ద చెరువులో ఒడ్డుకు దగ్గరగా చిన్న దిబ్బ మీద ఉన్న చాన్ క్వొక్ ఆలయం 6వ శతాబ్దంలో మొదలై, 1615లో ఇప్పటి చోటికి మారింది. దాని ఆవరణలో పెద్ద రావిచెట్టు ఉంది. 1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బుద్ధగయ బోధివృక్షపు మొక్కను తెచ్చి ఇచ్చారు, అదే ఈ చెట్టు. ఆ దేశపు బౌద్ధం ప్రధానంగా మహాయానం. ఆచార్య నాగార్జునుడిని వాళ్లు ‘లోంగ్ థో’ అని పిలిచి పూజిస్తారు. కృష్ణ ఒడ్డున ఆయన పేరుతో ఉన్న కొండను చూస్తూ పెరిగినవారు ఆ చెట్టు కింద కాసేపు కూర్చోవడం మామూలు విషయం కాదు. సాయంత్రం హోవాన్ కియెమ్ చెరువు పక్కన నీటి బొమ్మలాట చూడండి. ఎర్రనది డెల్టా పొలాల్లో 11వ శతాబ్దం నాటికే ఉన్న ఆట. ఆడించేవాళ్లు వెదురు తెర వెనుక నడుము లోతు నీళ్లలో నిలబడతారు. కథ మధ్యలో వచ్చి నవ్వించే చూ తేవు అనే బొమ్మను చూడగానే, తోలుబొమ్మలాట ఎరిగినవారు ‘మన కేతిగాడు’ అంటారు.

ప్రశ్న: ఏ నెలలో వెళ్లాలి? వీసా, డబ్బు సంగతులు చెప్పండి. – కొత్త దంపతులు, మహబూబ్‌నగర్

జవాబు: అక్టోబర్, నవంబర్ నెలలు మంచివి. జనవరి, ఫిబ్రవరిలో ముసురు, చలి. తేత్ అనే కొత్త సంవత్సరం పండుగ ఆ రోజుల్లోనే వస్తుంది, దుకాణాలు మూసి అందరూ సొంత ఊర్లకు పోతారు కాబట్టి అప్పుడు వెళ్లకండి. ఈ-వీసాను వియత్నాం ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే నేరుగా తీసుకోవచ్చు. ఒకసారి ప్రవేశానికి రుసుము 25 డాలర్లు. మన పేర్లలో ఇంటిపేరు ఒక చోట, అసలు పేరు ఒక చోట ఉండి తికమక అవుతుంది గనుక, పాస్‌పోర్టు అడుగున రెండు వరుసల్లో ఉన్న క్రమాన్నే చూసి అక్షరం తప్పకుండా నింపండి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు. నోయ్ బాయ్ విమానాశ్రయం ఊరికి సుమారు 30 కిలోమీటర్లు, 86వ నంబరు బస్సు నేరుగా పాత బస్తీ దాకా వస్తుంది. రోడ్డు దాటేటప్పుడు బైకుల వరద ఆగుతుందని ఎదురుచూడవద్దు. ఒకే వేగంతో, వెనక్కి తగ్గకుండా నడిస్తే వాళ్లే తప్పించుకుని పోతారు.

రూపాయికి దాదాపు 300 డాంగ్‌లు వస్తాయి. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలి రంగువే. నేను మొదటి సాయంత్రమే చెరువు పక్కన టీ అమ్మే ముసలమ్మకు చిన్న నోటనుకుని పెద్దది ఇచ్చాను. ఆమె దానిని దీపం వెలుగులో తిప్పి చూసి, నా అరచేతిలో తిరిగి పెట్టి, నా నోట్ల కట్టలోంచి తనకు రావలసిన నోటును తానే వేలితో లాగి తీసుకుంది. మీరు మాత్రం ఆ రెండు నోట్లను వేర్వేరు జేబుల్లో పెట్టుకోండి.